మాస్టారు రాసిన తారీఖులు

మంగళవారం పొద్దున ఆటోనగర్‌లో ఒక లారీ వెనక తలుపు మీద నంబరు రాస్తుంటే ఫోనొచ్చింది. మాస్టారి అమ్మాయి. కాఫీ తాగి మళ్లీ కాసేపు పడుకుంటానన్నారట, ఇక లేవలేదట. సిలువ మీద పేరు నువ్వే రాయాలంది. రాస్తానన్నాను.

"మరి పుట్టినతేదీ ఏం రాద్దాం అన్నయ్యా? సర్టిఫికెట్‌లో జూలై ఒకటని ఉంది. అది నిజం కాదని నాన్నే చెప్పేవారుగా."

నలభై ఏళ్లుగా ఎవరేమడిగినా ఏదో ఒక వేళాకోళం ఆడి తప్పించుకునే మనిషిని నేను. ఆ ప్రశ్నకి మాత్రం, చూసి రాస్తానమ్మా అన్నాను.

మాస్టారంటే కరకట్ట పక్కన మా ఊరి ఎలిమెంటరీ బడికి ఒకే ఒక్క మాస్టారు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని క్లాసులూ ఆయనవే. ఎండాకాలంలో కూడా చొక్కా పైగుండీ పెట్టుకునేవారు. ఏదన్నా రాయబోయే ముందు ఎడమచేతి బొటనవేలి గోరు మీద పెన్ను గీసి చూసుకునేవారు. "రాసింది నిలబడుద్దిరా, చూసి రాయండి" అనేవారు. నేను బోర్డులు రాసేవాణ్ణయ్యాక ఆ మాట నాకు రోజూ పనికొచ్చింది. లారీ మీద ఒక నంబరు తప్పు రాస్తే ఏమవుద్దో నాకు తెలుసు.

చూసి రాయమన్న ఆ మాస్టారే మా ఊళ్లో అందరికీ చూడకుండా పుట్టినతేదీలు రాశారు. ఆయన తప్పేం లేదు, చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. పిల్లల్ని బళ్లో వెయ్యడానికి వచ్చే తల్లులకి తారీఖులు తెలియవు. రిజిస్టరులో గడి ఖాళీగా ఉంటే ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. అందుకని ఆయన తోచినన్ని ఏళ్లు వెనక్కి లెక్కేసి జూలై ఒకటి అని వేసేసేవారు. నలభై దాటినవాళ్లలో సగం మంది జూలై ఒకటినే పుట్టిన ఊరు మాది. అంతమంది తల్లులు ఒకేరోజు నొప్పులు పడ్డ ఊరు కృష్ణా జిల్లాలో ఇంకోటి ఉండదు. ఏటా ఆ రోజున మాస్టారు బడికి పిప్పరమెంట్లు తెచ్చి పంచేవారు.

నన్నూ చెల్లెల్నీ ఒకేరోజు బళ్లో వేశారు. అప్పటిదాకా గేదెల్ని తోలడం వల్ల నాకు ఏడేళ్లొచ్చేశాయి, దానికి ఐదు. అమ్మ చేలోంచి తిన్నగా బురదకాళ్లతో వచ్చి గుమ్మం అవతలే నిలబడి, పిల్లాడు కాలవకి నీళ్లొదిలిన వారంలో పుట్టాడనీ, పిల్ల మినుము పీకే రోజుల్లో పుట్టిందనీ చెప్పిందట. ఏ ఏడో అమ్మకి తెలియదు. వయసు తక్కువుంటే రేపు గవర్నమెంటు ఉద్యోగానికి పనికొస్తుందని మాస్టారు నాకు రెండేళ్లు తగ్గించారు. చెల్లెలికి జూలై ఒకటి వేశారు. ఇద్దరికీ ఒకటే వేస్తే కవలలనుకుంటారని నాకు అదే ఏడు ఫిబ్రవరి ఒకటి వేశారు. ఐదు నెలలు ఎడం. అప్పటికి మాస్టారికి ఇంకా పెళ్లి కాలేదు.

నాకు గవర్నమెంటు ఉద్యోగం రాలేదు గానీ ఆ ఐదు నెలలు మాత్రం మా ఇంటిల్లిపాదికీ నవ్వుకోవడానికి మిగిలాయి.

చెల్లెలు నర్సు చదివి పైదేశం వెళ్లింది. అక్కడే పెళ్లి, అక్కడే పిల్లలు. నాలుగేళ్ల కిందట దానికి కేన్సరు ముదిరిందని బావ ఫోను చేశాడు. డాక్టర్లు ఇంకొన్ని వారాలే అన్నారట, చూడాలనుకుంటే వెంటనే రమ్మన్నాడు. పాస్‌పోర్టు ఉంది. ఆస్పత్రి ఉత్తరం, చెల్లెలి పాస్‌పోర్టు కాపీ, నా కాయితాలు పట్టుకుని హైదరాబాద్‌లో ఆ దేశం కాన్సులేట్‌కి వెళ్లాను.

అద్దం అవతల ఆఫీసరమ్మ, పక్కన తెలుగు చెప్పే అమ్మాయి. మీ ఇద్దరూ ఒకే తల్లి పిల్లలేనా అని అడిగారు. అవునన్నాను. మరి ఐదు నెలల తేడా ఎలా వచ్చిందని అడిగారు.

నిజం చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. మాస్టారు, రిజిస్టరు, కాలవనీళ్లు, మినుము పీకడం, అన్నీ చెప్పాలి. వెనక జనం ఉన్నారు. నోటికి అలవాటైన మాట ముందొచ్చేసింది.

"మా అమ్మకి తొందరెక్కువండీ."

ఆ అమ్మాయి నవ్వలేదు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఆఫీసరమ్మ కూడా నవ్వలేదు, ఏదో రాసుకుంది. పాస్‌పోర్టుతో పాటు ఒక కాయితం ఇచ్చారు. ఆమె నా సొంత చెల్లెలని తమకి నమ్మకం కలగలేదని అందులో ఉంది.

ఊరికొచ్చి మాస్టారి అరుగు మీద కూలబడ్డాను. మీరేసిన తారీఖుల వల్ల వీసా ఇవ్వలేదు మాస్టారూ అన్నాను. నేనన్న మాట సంగతి చెప్పలేదు. మాస్టారి చొక్కా పైగుండీ పెట్టే ఉంది, అయినా దాన్ని ఒకసారి తడుముకున్నారు.

మర్నాడు తెల్లారకముందే మాస్టారు ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ ఇంటికెళ్లి ఆమెని లేపి, బడి తాళం తీయించి, పాత రిజిస్టరు కాపీ పట్టుకుని ఫస్టు బస్సుకే ఆటోనగర్ వచ్చేశారు. అప్పటికి ఆయనకి ఎనభై దగ్గర. మా షెడ్డులో స్టూలు మీద కూర్చుని, గోరు మీద పెన్ను గీసి చూసుకుని, కాన్సులేట్‌కి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. ఈ ఇద్దరి పుట్టినతేదీలు నాకు తెలియవు, వాళ్ల తల్లికీ తెలియవు, నేనే ఊహించి వేశాను, తప్పు నాది, పిల్లలది కాదు అని దాని సారాంశం. మూడుసార్లు తిరగరాశారు. మూడోసారి సంతకం పెట్టి పెన్ను మూత పెడుతూ అన్నారు.

"తెలియనప్పుడు ఖాళీగా వదిలెయ్యాల్రా. ఖాళీ కనపడితే నా చెయ్యి ఆగేది కాదు."

అప్పుడన్నా చెప్పాల్సింది. చెప్పలేదు.

అపాయింట్‌మెంట్ దొరికాక నాతో పాటు హైదరాబాద్ వచ్చారు. పేరు లిస్టులో లేదని గేటు దగ్గర ఆపేశారు. రోడ్డవతల బస్టాపులో గొడుగేసుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. మంచినీళ్లకి కూడా లేవలేదట, ఒకవేళ లోపలికి పిలుస్తారేమోనని. ఈసారి నేను అద్దం ముందు ఒక్క ఎక్కువ మాట మాట్లాడలేదు. ఆఫీసరమ్మ ఉత్తరం రెండుసార్లు చదివి, రాసినాయన ఎక్కడుంటారని అడిగించింది. బయట రోడ్డు మీద కూర్చున్నారండీ అన్నాను. ఆవిడ వీసా వెయ్యడానికి పాస్‌పోర్టు తీసుకుంది.

రోడ్డు దాటి వెళ్తే మాస్టారు ముందు అడిగింది, నా ఇంగ్లీషుకేమన్నా వంక పెట్టారా అని.

చెల్లెలు ఆదివారం పోయింది. వీసా వేసిన పాస్‌పోర్టు గురువారం వచ్చింది. ఆ వీసా మీదే వెళ్లాను, మట్టి వెయ్యడానికి.

తిరిగొచ్చాక మాస్టారు నా మొహం చూడకుండా ఒక్కటే అడిగారు. "అక్కడ రాయి మీద పుట్టినతేదీ ఏం వేశార్రా?"

"మీరు వేసిందే మాస్టారూ."

తలూపి లోపలికి వెళ్లిపోయారు. ఆ ఏడు నుంచీ జూలై ఒకటిన ఎవరన్నా ఫోను చేస్తే ఆయన తీసేవారు కాదని వాళ్లమ్మాయి చెప్పేది.

నాలుగేళ్లలో కనీసం పదిసార్లు చెబుదామని వెళ్లాను. వీసా పోగొట్టింది మీ తారీఖు కాదు మాస్టారూ, నా నోరు అని. తారీఖుకి సమాధానం ఉంది, నా కూతకే లేదు. వెళ్లిన ప్రతిసారీ కాఫీ ఇచ్చేవారు, నేను ఏదో జోకు వేసేవాణ్ణి, ఆయన మర్యాదకి నవ్వేవారు. మొన్న ఆయన శవపెట్టె మూసేముందు చెవిలో చెబుదామనుకున్నాను. వెనక జనం ఉన్నారు. అద్దం ముందు కూడా ఇదే కారణం చెప్పుకున్నాను. అందుకే మీ అందరి ముందూ రాస్తున్నాను. రాసింది నిలబడుద్దని ఆయనే అన్నారు.

శనివారం సాయంత్రం సమాధుల దొడ్డికి వెళ్లి, సున్నం వేసిన సిమెంటు సిలువ మీద నల్లరంగుతో రాశాను. మాస్టారి పేరు. దాని కింద జననం. దాని కింద మరణం, మంగళవారం తారీఖు. వాళ్లమ్మాయి వచ్చి చూసి, జననం పక్కన ఏమీ రాయలేదేం అన్నయ్యా అంది.

"మాస్టారు అలా వదిలెయ్యమన్నారమ్మా."

కరకట్ట మీద ఏదో ట్రాక్టరు వెళ్లింది. దాని దుమ్ము వచ్చి తడి అక్షరాలన్నిటికీ సన్నగా అంటుకుంది. ఖాళీగా వదిలిన చోట మాత్రం తెల్లగానే ఉంది.