పీరా మేస్త్రి చూపించిన మెట్టు

ప్రొద్దుటూరులో మా ఆఫీసు పక్క వాటాలో ఈ వారమంతా నాపబండలు పరుస్తున్నారు. తాపీ పిడితో బండ మీద తట్టిన ప్రతిసారీ రాస్తున్న నా చెయ్యి ఆగిపోతోంది. బండ కింద బోలుగా ఉంటే ఒక చప్పుడు, నిండుగా ఉంటే ఇంకో చప్పుడు. ఆ తేడా నాకు నేర్పినవాడు జమ్మలమడుగు పీరా మేస్త్రి. పులివెందుల కోర్టులో నేను సొంతంగా వేసిన మొదటి దావా ఆయనదే.

అప్పటికే ఆయనకు అరవై దాటాయి. సింహాద్రిపురం దగ్గర ఒక పల్లెలో, పార్టీలో పలుకుబడి ఉన్న ఆసామికి మేడ కట్టాడు. గృహప్రవేశం ఘనంగా జరిగింది కానీ, ఒప్పుకున్న దాంట్లో మూడో వంతు చేతికి రాలేదు. కారణం, ఆ మధ్యలో మేస్త్రి ఎదుటి పార్టీ వాళ్లకు ప్రహరీ కట్టడం. ఫ్యాక్షన్ రోజులవి. ఎవరి పెళ్లికి వెళ్లామో, ఎవరి గోడ కట్టామో అన్నీ గుర్తుపెట్టుకునేవారు.

"ఇటుకకు పార్టీ ఏంది లాయరమ్మా? ఆళ్లు పిలిస్తే కట్టినా, ఈళ్లు పిలిస్తే కట్టినా," అన్నాడు మేస్త్రి. "పనోళ్లకు మా బీబీ బంగారు గాజులు అమ్మి కూలి ఇచ్చేసినా. ఇప్పుడు ఇంట్లో రోజూ ఆమె కోర్టు నడుస్తాండాది. ఆడ నాకు వకీలు గూడా దొరకడు." అంత కష్టం చెబుతూ కూడా నవ్వించాడు.

పని నాసిరకం, గోడలు పగిలాయి, అందుకే డబ్బు ఆపానని ఆసామి కోర్టుకు జవాబిచ్చాడు. ఇల్లు చూసి రమ్మని కోర్టు ఒక వకీలును కమిషనర్‌గా వేసి, తోడుగా ఒక ఇంజనీరును పంపింది. ఆ పల్లెకు వెళ్లడమంటే నాకు భయం. ఇద్దరు కానిస్టేబుళ్లు వెంట ఉన్నా భయం తగ్గలేదు. మేస్త్రి మాత్రం, "మనం కట్టిన ఇల్లే గదమ్మా, ఎట్లుండాదో చూసొద్దాం పా," అంటూ ఇస్త్రీ చొక్కా వేసుకుని జీపెక్కాడు.

వసారాలో ఆసామి, ఆయన మనుషులు పదిమంది మమ్మల్నే చూస్తూ కూర్చుని ఉన్నారు. మేస్త్రి చెప్పులు బయట విడిచి, గోడను అరచేత్తో ఒకసారి తడిమి లోపలికి నడిచాడు. ఇంజనీరు గదులన్నీ చూశాడు. ఒక్క పగులూ లేదు, ఒక్క బండా బోలుగా లేదు. నేను ఊపిరి పీల్చుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు మేస్త్రి మెట్ల దగ్గర ఇంజనీరును ఆపాడు.

"సార్, ఏడో మెట్టు కొలవండి. ముప్పాతికంగుళం ఎత్తెక్కువుండాది. తప్పు నాదే, రాసుకోండి."

"మేస్త్రి మామా, ఊరికే ఉండు!" అని గొణిగాను.

ఇంతలో లోపలి నుంచి ఆసామి తల్లి బయటికి వచ్చింది. "అందుకేనా నాయనా, రోజూ ఆడ నా కాలు తట్టుకుంటాంది! నాకే చూపు పోయిందేమో అనుకుంటి గదప్పా!"

కానిస్టేబుళ్లతో సహా అందరూ పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. కొడుకు వైపు తిరిగింది. "తప్పు ఆయప్పే చూపిస్తాండాడు. మరి గోడలు పగిలినాయని రాసిచ్చినావంట గదా, యాడ పగిలినాయి? నాకూ చూపీ."

ఆసామి కండువా దులుపుకుని బయటికి నడిచాడు.

తిరుగు దారిలో నేను మేస్త్రి మీద విరుచుకుపడ్డాను. "ఆ మెట్టు వల్ల కేసే పోతే?"

"పోతే మెట్టు కాడికే పోతాది లాయరమ్మా. నేను దాచిపెట్టి, ఆళ్లే కనిపెట్టింటే గోడలన్నీ పోయేవి."

కమిషనర్ రిపోర్టు కోర్టుకు చేరకముందే ఆసామి రాజీకి వచ్చాడు. బాకీ మొత్తం కట్టాడు. ఆ మరుసటి వారమే మేస్త్రి ఎవరూ పిలవకుండానే వెళ్లి మెట్టు సరిచేసి, ఆ అవ్వ పెట్టిన ఉగ్గాని తిని వచ్చాడు. బీబీ చేతికి కొత్త గాజులు వచ్చాయి. వాటిని చూపించడానికే ఆమెను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. బిల్లు రాలేదంటూ ఇప్పటికీ కాంట్రాక్టర్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఎంత రావాలని నేను ముందుగా అడగను. మీ పనిలో తప్పెక్కడుందని అడుగుతాను. కొందరు కోపం తెచ్చుకుని వేరే వకీలు దగ్గరికి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు కాసేపు గింజుకుని చెబుతారు. ఆ తప్పును దావాలో రెండో పేరాలోనే పెట్టిస్తాను. "మేడమ్, ఇది మనమే రాయాలా?" అని మా జూనియర్ ప్రతిసారీ అడుగుతుంది. కొలతతో సహా రాయమంటాను.