బ్రీదర్ పైపు మూరెడు చాలింది

ఈ రోజు నా పాత జీపును ప్రొద్దుటూరులో మెకానిక్ మస్తాన్ షెడ్డుకు తీసుకెళ్లాను. కొన్నాళ్లుగా ఇంజన్ కింద నూనె కారుతోంది. మస్తాన్ బానెట్ ఎత్తి, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపును పట్టుకుని, అది ఎక్కడిదాకా ఉందో చూస్తూ వెనక చక్రం దాకా వెళ్లాడు.

"ఇంత పొడుగు పైపు ఎవరేసినారు మామా? నడుమ కిందికి జారి, ఆడ నూనె నిలిచి మూసకపోయింది. ఆవిరికి దావ లేక సీళ్లలోంచి నూనె తోస్తాంది."

"నేనే ఏసినా," అన్నాను.

ఫ్యాక్షన్ రోజుల్లో మా నాయకుడు పార్టీ మీటింగులో ఉన్నంతసేపూ, దాడి జరిగితే వెంటనే కదలాలని బయట మేం ఇంజన్ ఆపేవాళ్లం కాదు. జీపులో ఏడుగురం. నూనె పొగ మా ముఖాల మీదికి కొట్టకుండా పైపును అంత దూరం లాగాను.

"ఇప్పుడెంతమంది ఎక్కుతాండారు?"

"నేనొక్కణ్నే."

"ఒక్కనికి మూరెడు చాల్లే మామా," అని పైపు కోసి, పైకి వంచి, పొగ మళ్లీ ఇంజన్‌లోకే పోయేలా ఎయిర్ క్లీనర్‌కు కలిపాడు.

అప్పుడు నాతో జీపెక్కిన ఆరుగురిలో ముగ్గురు చనిపోయారు. మిగతా ముగ్గురూ అవతలి పార్టీలో చేరి, ఎదురుపడినా పలకరించరు.

తిరిగి జమ్మలమడుగు వస్తుంటే జీపులో కొంచెం కూడా వాసన లేదు. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి "పొగొస్తాందేమప్పా?" అని అడిగేశాను. వెనక అన్నీ ఖాళీ సీట్లే.

రేపు పొద్దున మళ్లీ ప్రొద్దుటూరు పోతున్నాను. పనేమీ లేదు. ఎవరైనా వస్తారా? పొగ రాదు, హామీ నాది.