మెర్ల్ తనే మానేశాడు

మా మరిది మెర్ల్ స్టట్జ్‌మన్ జీవితంలో ఎవరి చేతా మాట పడలేదని చెప్పుకుంటాడు. పడాల్సినవన్నీ అతని భార్య, మా చెల్లి ఆర్లీన్ పడింది కాబట్టి అది నిజమే. ఒకసారి వాకిట్లో మంచు ఎత్తడానికి పొరుగాయన పార పట్టుకొస్తే అక్కర్లేదని పంపేశాడు. తనే ఎత్తబోయి నడుం పట్టేసి వారం పడుకున్నాడు. ఆ వారమంతా మంచు ఎత్తింది ఆర్లీనే.

మా ఊరు ఎల్కార్ట్‌లో, లోపల మంచాలూ పొయ్యీ ఉండే పెద్ద వ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో మెర్ల్‌కి పని. 2009 చలికాలంలో ఆ వ్యాన్లు కొనే నాథుడు లేక మనుషుల్ని తీసేయడం మొదలుపెట్టారు. శుక్రవారం ఇంకొందరిని పిలిచి తీసేస్తారని తెలిసి, మెర్ల్ గురువారమే ఫోర్‌మన్ డ్వేన్ క్రోప్ బల్ల మీద చేతి తొడుగులు పడేసి, తనే మానేస్తున్నానని చెప్పి వచ్చేశాడు. కింద పడ్డా తనదే పైచేయి. ఆ ఘనకార్యం కాఫీ హోటల్లో చెప్పుకుని ఉచితంగా కాఫీ కూడా తాగాడు.

అప్పటికి ఆర్లీన్ రొమ్ము క్యాన్సర్ వైద్యం సగంలో ఉంది. ఉద్యోగం పోయాక, దానితో వచ్చిన ఆరోగ్య ఇన్సూరెన్స్ నిలవాలంటే ప్రీమియం అంతా వాళ్ళే కట్టుకోవాలి. అది వాళ్ళ తరం కాదు. అదృష్టం కొద్దీ, అందులో సగానికి పైగా తానే భరిస్తానని ప్రభుత్వం ప్రకటించింది. కానీ పనిలోంచి తీసేసినవాళ్ళకే. తామే మానేసినవాళ్ళకు లేదు.

డ్వేన్ మంచివాడు. మా ఇంటికొచ్చి, శుక్రవారం పిలవాల్సినవాళ్ళలో మెర్ల్ కూడా ఉన్నాడనీ, అది తెలిసే మానేశానని అతను ఒప్పుకుంటే తీసేసినట్టే రాసిస్తాననీ చెప్పాడు. నేను పరుగున వెళ్ళి మెర్ల్‌కి చెప్పాను.

"ఊరంతా నన్ను గెంటేశారని చెప్పుకోవాలా వదినా?"

"చెప్పుకోనీ. వినడానికి మా చెల్లి బతికుంటుంది."

తను సర్కారు సొమ్ముకి చెయ్యి చాచే రకం కాదంటూ టీవీ సౌండు పెంచాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె.

ఆదివారం చర్చిలో, ఎవరి కోసం ప్రార్థించాలో లేచి చెప్పే వేళ, ఎన్నడూ నోరు విప్పని ఆర్లీన్ లేచింది. జుట్టు రాలిన తలకు గుడ్డ కట్టుకుని ఉంది.

"మా ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆయన కోసం ప్రార్థించండి."

వెనక వరుసలో డ్వేన్ తలూపాడు. ఇక మెర్ల్ చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే. ఆ మాత్రం పని గొర్రె కూడా చేస్తుంది.

మెర్ల్ లేచాడు. "ఎవరూ తీసెయ్యలేదు. నేనే మానేశాను" అన్నాడు, చివరి బెంచీకి కూడా వినబడేలా.

అంతమంది విన్నాక డ్వేన్ ఇంకేం రాస్తాడు? తల దించుకున్నాడు.

ఆర్లీన్ ఇంకా నిలబడే ఉంది.

"అయితే ఆయనకొద్దులెండి. నా కోసం చెయ్యండి" అని కూర్చుంది.