నూటొకటికీ నూటరెండుకీ మధ్య

నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. వాక్యం ఎక్కడ ఆపాలో తెలియదు, ఒత్తులు తప్పుతాను. ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మొన్న మా మనవరాలి చంకలో పెట్టిన కొత్తరకం థర్మామీటరు కీచుమని మోగింది. కోడలు అంకె చూసి పక్కన పెట్టేసింది. నాకు మాత్రం స్పిరిట్ దూది వాసన వచ్చినట్టయింది. కృపమ్మ పిన్నిగారు గుర్తొచ్చారు.

ఎనభైల చివర్లో మేం తెనాలిలో అద్దెకున్న ఇంట్లో పక్క వాటా ఆవిడది. ఊరు బాపట్ల. నర్సుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన లారీ ఎక్కితే వారం దాకా రాడు. మా బాబుకి రెండో ఏట జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేసి బిడ్డ కొయ్యలా బిగుసుకుపోతే నా ప్రాణం పోయినంత పనైంది. డాక్టరుగారు థర్మామీటరు కొనిపించి, "నూటొకటిన్నర దాటితే ఆలస్యం చెయ్యకుండా తీసుకురామ్మా" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే దాని మీద నూటొకటి ఉంది, నూటరెండు ఉంది. ఒకటిన్నర ఎక్కడా లేదు. మళ్లీ జ్వరం వస్తే ఎలాగని ఏడుస్తూ పిన్నిగారి దగ్గరికి వెళ్లాను.

"ఒకటిన్నరని అంకెల్లో ఎట్టా రాస్తారే?" అన్నారు.

"పాయింటు పెట్టి ఐదండి. అంటే ఐదో గీత కదండీ?"

నెత్తిన ఒక మొట్టికాయ వేశారు. "ఐదో గీతంటే నూటరెండే, పిచ్చిమొహమా! అందాకా కూర్చుంటావా?"

ముగ్గుచిప్ప తెచ్చి వాకిట్లో రెండు పొడుగు గీతలు, వాటి మధ్య నాలుగు పొట్టి గీతలు గీశారు. మధ్యలో ఐదు గదులు వచ్చాయి. ఒక డిగ్రీని పది ముక్కలు చేసి ఆ ఐదు గదులకీ సమంగా పంచమన్నారు. గదికి రెండు. మొదటి గీత పాయింట్ రెండు, రెండోది నాలుగు, మూడోది ఆరు.

"పిన్నిగారూ, ఐదు రాలేదండి. సగానికి గీతే లేదు!"

"గీత లేకపోతే సగం లేకుండా పోద్దా? మూడో గది నడిమధ్యన నిలబడు."

నిజంగానే వెళ్లి నిలబడ్డాను. ఎదురింటావిడ "ముగ్గు తొక్కుతున్నావేంటమ్మా?" అని నవ్వింది. బళ్లో దశాంశాలంటే తల దించుకునే నాకు, ఆ ముగ్గులో నిలబడ్డాక అవి అర్థమయ్యాయి. ఆ తర్వాత పిన్నిగారు జ్వరం లేనివాళ్లని కూడా వదల్లేదు. స్పిరిట్ దూదితో తుడిచి, విదిలించి, ఆఖరికి కూరగాయలావిడ నోట్లో కూడా పెట్టి నాచేత చదివించారు.

ఆ ఏడాదే రేపల్లెలో మా పుట్టింటికి వెళ్లినప్పుడు బాబుకి ఒళ్లు కాలింది. మా అమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేసి, చెయ్యి పెట్టి, "చల్లబడ్డాడే" అంది. థర్మామీటరు చూశాను. పాదరసం నూటొకటి దాటి మూడో గీత మీద ఉంది.

"పాయింట్ ఆరు. దాటింది. పోదాం పదండి" అన్నాను.

మా అన్నయ్య చూసి, "సగమంటే పాయింట్ ఐదు. ఇది మూడో గీతేగా. ఇంకా రెండు గీతలున్నాయి, అన్నం తిని పోదాంలే" అన్నాడు.

వాడికి ఎదురు చెప్పి ఎరగను. "అన్నయ్యా, రిక్షా పిలుస్తావా, ఎత్తుకుని నడవమంటావా?" అన్నాను. పిలిచాడు.

అక్కడి డాక్టరు ఎంతుందని అడిగితే, "బయల్దేరేటప్పుడు నూటొకటి పాయింట్ ఆరండి" అన్నాను. ఆయన మళ్లీ పెట్టి చూసి, "దారిలో పెరిగింది, ఇప్పుడు నూటరెండు" అని వెంటనే మందు పోయించారు. బాబుకి ఫిట్స్ రాలేదు. నేను చెప్పిన అంకెని ఒకరు అంకెగా తీసుకోవడం అదే మొదలు.

తెనాలి వచ్చాక పిన్నిగారికి గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటారనుకుంటే, "మందు పోశాక ఎంతకి దిగింది?" అని అడిగారు.

"చూడలేదండి. పడుకున్నాడు కదా."

"ఎక్కేటప్పుడు చూసి దిగేటప్పుడు చూడవా? ఒక్కో గదీ దిగి మామూలుకొచ్చిందాకా నీ పని అవ్వదే."

తర్వాత ఆవిడ బాపట్ల వెళ్లిపోయారు. ఇప్పుడు లేరు. మా బాబు పెద్దవాడయ్యాడు, ఫిట్స్ భయం పోయింది. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, తగ్గిపోయిందిలే అని అందరూ లేచి వెళ్లాక, నేను ఇంకోసారి చూస్తాను. మామూలుకి వచ్చిందాకా చూస్తూనే ఉంటాను.

కనబడిన తప్పులు దిద్దుకున్నాను. కనబడనివి ఉంటాయి, చదివినవాళ్లు పెద్దమనసుతో మన్నించండి.