బావ చిత్రికకి ఇత్తడి చక్రం

గాజువాకలో నాకు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఏ మిక్సీకి ఏ వాషర్ పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పాత సామానుకి విడిభాగం దొరకదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. దొరకలేదంటే సరిగ్గా వెతకలేదనే నా లెక్క. ఈ పొగరే నన్ను మా బావ చిత్రిక కోసం ఊరంతా తిప్పింది.

బావ అంటే మా అప్ప మొగుడు. అక్కని మా వైపు అప్ప అంటాం. ఆయన ఒక ఫౌండ్రీలో పేటర్న్ మేకర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇనుముతో ఏది పోత పోయాలన్నా ముందు అదే ఆకారం చెక్కతో చెయ్యాలి. దాన్ని ఇసకలో నొక్కి తీస్తే పడే గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క ఆకారాలు చెయ్యడమే ఆయన పని. ఉద్యోగం అయిపోయాక ఇంటి వెనక రేకుల షెడ్డులో పీటలు, స్టూళ్లు చేసి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచేవాడు. మా ఇంట్లో మనుషులకంటే స్టూళ్లే ఎక్కువ.

ఆయన ప్రాణమంతా చెక్కని నునుపు చేసే ఒక ఇనప చిత్రిక మీద. ఎప్పుడో ఏదో విదేశీ ఓడలో వడ్రంగి వాడినది, పాతూళ్లో ఓడ సామాన్లు అమ్మే కొట్లో ఈయన కంటబడింది. దాంతో చిత్రిక పడితే టేకు కూడా ఉల్లిపొరలాగా లేచొచ్చేది. పొర ఎంత మందంగా రావాలో చూసుకునేది వెనకాల ఉండే చిన్న ఇత్తడి చక్రంతో. కుడి చేత్తో పిడి పట్టుకుని, చూపుడు వేలితో ఆ చక్రాన్ని తిప్పుతుంటే బ్లేడు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది.

ఆ చక్రమే పోయింది. దసరాకి పనిముట్ల పూజ అని బావ చిత్రికని విప్పి, నూనె రాసి, ముక్కలన్నీ కిటికీ గట్టు మీద ఆరబెట్టాడు. అదే రోజు అప్ప చింతపండు పెట్టి ఇత్తడి సామాన్లు తోముతోంది. ఆ చక్రాన్ని అగరొత్తుల స్టాండు ముక్క అనుకుని, విరిగిన కుందులతోపాటు పాత ఇత్తడి కొనేవాడి గోనెలో పడేసింది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే బావ కుడి చెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు మాత్రలు రాసి, చెయ్యిని ఊరికే ఉంచకండి, పని చెప్పండి అన్నాడు. ఈయనేమో టీవీ ముందు కుర్చీలో కూలబడి, చేతి మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. షెడ్డులోకి రమ్మంటే, "సక్రం లేని సిత్రికతో నానేటి సేస్తాన్రా?" అనేవాడు. నా అనుమానం వేరు. చక్రం ఒక సాకు. ఆ చేత్తో చెక్క మీద చిత్రిక తోస్తే అది ఎలా పోతుందో చూడాలంటే ఆయనకి భయం. కానీ ఈ మాట అప్ప ముందు అనే ధైర్యం నాకు లేదు, తప్పంతా తనదే అనుకుంటున్న ఆవిడకి చక్రం దొరికితే అంతా సర్దుకుంటుందన్న ఆశైనా ఉంది.

సంక్రాంతి కూడా వెళ్లిపోయాక ఒకరోజు నా దుకాణానికే వచ్చేసింది. "ఒరే తమ్ముడూ, మిక్సీ వాషర్ తెచ్చినట్టే ఆ సక్రం తెచ్చీరా. నా వల్లే ఆ మడిసి కుర్చీకి అతుక్కుపోనాడు. అది తెస్తే లేస్తాడు," అంటూ కౌంటరు మీద చెయ్యి వేసి ఏడ్చేసింది. కస్టమర్లు చూస్తున్నారు. సరే అప్పా, ఈ వారంలో తెస్తాను అని గొప్పగా చెప్పి పంపాను.

వారం కాదు కదా, నెల గడిచినా దొరకలేదు. పనిముట్ల కొట్టుకి వెళ్తే కరెంటు చిత్రిక చూపించి, ఇంకా చేత్తో తోసేవాళ్లు ఉన్నారా అని అక్కడి కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. ఫోన్లో వెతికితే సరిగ్గా అదే చక్రం ఇంగ్లండులో ఒకాయన దగ్గర ఉంది. ఇండియాకి పంపను పొమ్మన్నాడు. కంచరపాలెం రైలు పట్టాల పక్కన పాత ఇనుము కొట్లో అచ్చం అలాంటి చిత్రికే కనబడింది. పరిగెత్తుకెళ్లి తిరగేసి చూస్తే దానికీ చక్రం లేదు. కొట్టువాడు దాన్ని కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకున్నాడు.

పాతూళ్లో బావ చిత్రిక కొన్న ఆ ఓడ సామాన్ల కొట్టుకి వెళ్లాను. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. పాపం, ఒక బకెట్టు నిండా ఇత్తడి చక్రాలు నా ముందు బోర్లించాడు. కుళాయివి, స్టవ్వువి, ఏ యంత్రానివో తెలియనివి, అన్నీ ఉన్నాయి. ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాం. చివరికి ఆయన చేతులు దులుపుకుని, "భాయ్, ఇంతకీ ఇది లేకపోతే చిత్రిక పనే చెయ్యదా?" అన్నాడు. చిత్రిక సంగతి తర్వాత, మనిషి పని చెయ్యడం లేదన్నాను.

ఆయనే భీమిలిలో పడవలు బాగుచేసే ఒక వడ్రంగి గురించి చెప్పాడు. ఆదివారం బస్సెక్కి వెళ్లాను. నిజమే, ఆయన దగ్గర అదే చిత్రిక, అదే చక్రం ఉన్నాయి. ఎంత అడిగినా ఇవ్వనన్నాడు. "నీకిచ్చీసి నాను సేపలు పట్టుకోవాలేటి?" అని నవ్వి, ఫొటోలు తీసుకోనిచ్చాడు. చేపల పులుసుతో అన్నం కూడా పెట్టాడు. కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు.

దొరకనిదాన్ని చేయించాలి. ఫొటోలు, చక్రం లేని చిత్రిక పట్టుకుని ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ మిషన్ మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. చక్రం ఎక్కే చిన్న ఇనప స్క్రూని అతను వెలుతురులో పెట్టి, దాని చుట్టూ ఉన్న మర గాట్లు చూసి మొహం చిట్లించాడు.

"ఏటి గురూ ఈ మర? సైజు ఎక్కడా లేనిది. పైగా ఎడమేపు తిరుగుతన్నాది. ఎవడో తిక్కలోడు తప్పు కోసీసినాడు."

"దిద్దగలవా?"

"స్క్రూ కూడా కొత్తది ఏసేస్తాను. మామూలు కుడి మర. రేపు ఈ సక్రం మళ్లీ పోయినా ఏ కొట్లోనైనా నట్టు దొరికీద్ది."

నాకు ఆ మాట అమృతంలా అనిపించింది. ఏ కొట్లోనైనా నట్టు దొరకడం కంటే మా వృత్తిలో గొప్ప విషయం ఇంకోటి లేదు. సాయంత్రానికి చక్రం తయారైంది. అంచు మీద వేలు జారకుండా సన్నటి గాట్లు, బంగారంలాంటి మెరుపు. బండి మీద ఇంటికి వస్తుంటే నాలో నేనే నవ్వుకున్నాను.

చిత్రిక తీసుకెళ్లి బావ ఒళ్లో పెట్టాను. అప్ప వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆయన తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసి, చూపుడు వేలితో చక్రాన్ని కుడికి తిప్పాడు. అడుగు భాగం కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. ఇంకోసారి తిప్పాడు.

"ఇదేటిది, బ్లేడు లోపలికెళ్లిపోతన్నాది?"

"ఎడమకి తిప్పు బావా, వచ్చేస్తుంది. పాత మర తప్పుగా ఉంటే దిద్దించాను."

ఆయన మొహం ఎర్రబడింది. చాలా నెలల తర్వాత ఆ మొహంలో ఏదో ఒక రంగు చూడటం అదే. "దిద్దించినావా? కుడికి తిప్పితే బ్లేడు బయటికి రావాలనే ఎడమ మర ఎట్టినాడ్రా దీన్ని సేసినోడు! తోసేటప్పుడు ఏలు ఆలోసించదు. ఇన్నేళ్లూ కుడికే తిప్పినాది, ఇప్పుడు కొత్తగా నీ దగ్గర పాఠాలు నేర్సుకోవాలేటి? నువ్వూ, నీ లేత్ మిషనోడూ కలిసి దాని ప్రాణం తీసీసినారు!"

నాకూ మండింది. "నెల రోజులు తిరిగాను బావా నీ చక్రం కోసం. కుర్చీలోంచి లేవకుండా మాటలంటే ఎలా?"

అన్నాక నాలిక కరుచుకున్నాను. కానీ ఆయన లేచాడు. "బండి తియ్యి," అన్నాడు.

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించలేదు. వీధిలోకి రాకపోవడానికి అది కూడా ఒక కారణమని నాకు అప్పుడే అర్థమైంది. అప్ప వచ్చి గుండీలు పెడుతుంటే, ఆయన గోడ వైపు చూస్తూ నన్ను తిడుతూనే ఉన్నాడు. ఆటోనగర్ దాకా ఆయన చెయ్యి నా భుజం మీద వణుకుతూనే ఉంది. కోపం అంతా పోయి నాకు దిగులు పట్టుకుంది.

లేత్ మేస్త్రీకీ బావకీ మొదట పెద్ద గొడవే అయింది. ఎడమ మర కొయ్యడానికి ట్యాప్, అంటే నట్టు లోపల మర కోసే పనిముట్టు, తన దగ్గర లేదన్నాడు అతను. లేకపోతే చెయ్యి అన్నాడు ఈయన. తర్వాత ఇద్దరూ టీలు తాగారు, ఏ ఉక్కు మంచిదో వాదించుకున్నారు, నన్ను మర్చిపోయారు. ముందు ట్యాప్ చేసి, దాంతో ఇంకో చక్రానికి ఎడమ మర కోసి, దానికి తగ్గ స్క్రూ బిగించేసరికి మర్నాడు సాయంత్రమైంది.

షెడ్డులో ఒక మామిడి చెక్కని బావ బల్లకి బిగించాడు. చక్రం కుడికి తిప్పాడు. బ్లేడు బయటికి వచ్చింది. చిత్రికని చెక్క మీద పెట్టి అలాగే నిలబడిపోయాడు. తొయ్యడం లేదు. ఇక సాకులేవీ మిగల్లేదు. అప్ప నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

తోశాడు. కొంచెం దూరం వెళ్లి పట్టేసింది. వెనక్కి లాగి, కాళ్లు ఎడంగా పెట్టుకుని, ఒంటి బరువంతా చేతుల మీద వేసి మళ్లీ తోశాడు. ఈసారి చెక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఒకే పొర లేచింది. ఆయన చెయ్యి వణకలేదు. పిడి మీంచి తీసి చూసుకున్నాడు, వణికింది. పిడి మీద పెట్టి తోశాడు, ఆగింది. మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. నమ్మకం కుదిరేదాకా అలా చేస్తూనే ఉన్నాడు. ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు వణికే చెయ్యి పనిలో పడితే నిలబడుతోంది. అన్ని నెలలూ ఆయన భయపడింది అది నిలబడదేమోనని. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చెక్క సన్నబడిపోయింది. షెడ్డులో ఇంకో ముక్క లేదు. "ఏమే, ఇంట్లో సెక్క ఏదైనా ఉందేటి?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

అప్ప వంటింట్లోకి వెళ్లి తను రోజూ కూర్చునే పీట తెచ్చింది. "దీని మీద కూకుంటే ఒకేపు గుచ్చుకుంటన్నాదండీ. కొంచెం సూడండి."

ఆ పీట చేసింది ఆయనే. దాని మీద ఎగుడుదిగుడు ఎక్కడా లేదు. బావ దాన్ని అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి, "అవునే, సరిగ్గా లేదు," అంటూ బల్లకి బిగించాడు.