గోనెసంచిలో వచ్చిన క్యాసెట్లు

తొంభైల నడుమ నేను సూర్యాపేటలో ఒక రికార్డింగ్ సెంటరులో పనిచేశాను. డిగ్రీ తప్పి, ఇంట్లో తిట్లు పడలేక అందులో చేరాను. మా ఓనరు ఖాళీ క్యాసెట్లు కొనేవాడు కాదు. అమ్ముడుపోని విదేశీ క్యాసెట్లను హైదరాబాదు నుంచి గోనెసంచుల్లో తెప్పించేవాడు. లేబుళ్లు అక్కడే పీకేసేవాళ్లు. క్యాసెట్ వీపున ఉండే రెండు రంధ్రాల్లో కాగితం ముక్క కూరితే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. కాగితం కూరడం, సినిమా పాటలు ఎక్కించడం, ఇదే నా పని. చెరిపేముందు కింద ఏముందో విందామన్న ఆలోచన ఏనాడూ రాలేదు. పాటలు తక్కువపడితే కామెడీ బిట్లు ఎక్కించి మరీ టేపు చివరిదాకా నింపేవాణ్ణి. మంచి పనిమంతుణ్ణని విర్రవీగేవాణ్ణి కూడా.

ఒకసారి కరెంటు పోతే, ఒక క్యాసెట్‌ను పూర్తిగా నింపకుండానే ఇచ్చేశాను. మర్నాడు దాన్ని కొన్న చివ్వెంల రైతు దుకాణం మీదికి వచ్చాడు.

"ఏం క్యాసెట్ ఇచ్చినవయ్యా? పాటలు ఒడిసినంక ఎవడో గొణుగుతుండు. మా అత్త దయ్యమని పరేషాన్ అయితున్నది. జర సూడు."

నవ్వుకుంటూ పెట్టాను. కాసేపటికి నవ్వడం మరిచిపోయాను. డ్రమ్ము ఏ తొందరా లేకుండా నడుస్తోంది. దాని కింద కడుపులో మోగే బరువైన చప్పుడు, అరిగిన రికార్డు చిటపటలు. వాటి మీద ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, పాడటం లేదు. ఒగ్గు కథ చెప్పేవాళ్లు డోలు దెబ్బకు మాట కలిపినట్టు కలుపుతున్నాడు. మాటలు సగం కూడా అర్థం కాలేదు. అయినా పరీక్ష తప్పిన నాటి నుంచి ఎవరికీ చెప్పుకోలేని దిగులు ఒకటి నాలో ఉండేది. అది అచ్చం ఆ డ్రమ్ములాగే నడిచేది. పది నిమిషాల్లో టేపు అయిపోయింది. రైతుకు వేరే క్యాసెట్ ఇచ్చి దాన్ని నేను ఉంచుకున్నాను.

మొత్తం వినాలి. అదొక్కటే పట్టుకుంది నన్ను. ఆ క్యాసెట్ వచ్చిన సంచిలోవన్నీ అదే ఊదారంగువి, అన్నిట్లోనూ ఇదే ఉండి ఉండాలి. మా దుకాణానికి వచ్చినవన్నీ నేనే చెరిపేశాను, ఒక్క నిమిషం కూడా మిగల్చకుండా. మిగతావాటిని ఓనరు మిర్యాలగూడలో, కోదాడలో ఉన్న తన బంధువుల దుకాణాలకు పంపాడు. ఆదివారం బస్సెక్కి మిర్యాలగూడ పోయాను.

"అవన్నీ నిన్ననే ఖతం చేసిన. ఒక్కటి మిగల్లె," అన్నాడు అక్కడ రికార్డింగ్ చేసే అతను గొప్పగా. తిడదామంటే ఏ ముఖం పెట్టుకుని తిట్టను?

అటునుంచి అటే కోదాడ. అక్కడి దుకాణం మా ఓనరు బావమరిదిది. ట్రేలో ఒకే ఒక్క ఊదారంగు క్యాసెట్ ఉంది. దాన్ని పెట్టాను. మొదటి నుంచి, మొత్తంగా ఉంది. ఒక పాట అయింది. రెండోది మొదలైంది. అప్పుడు ఆ బావమరిది లోపలికి వచ్చాడు.

"ఏంటయ్యా ఇది, టేపు సాగిపోయిందా? వీడికి ఉబ్బసం ఉన్నట్టుంది!" అని పగలబడి నవ్వాడు. గృహప్రవేశానికి భక్తి పాటలు కావాలని కౌంటరు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి కూడా నవ్వాడు. "ఈ చెత్త ఎవడు వింటాడు? నువ్వు వింటావా?" అన్నాడు బావమరిది.

నేనూ నవ్వాను. "నేనెందుకు వింట సార్? పనికొస్తదో లేదో సూస్తున్న," అన్నాను.

"అయితే వీరి భక్తి పాటలు దాని మీదే ఎక్కించు. నీ పని శుభ్రంగా ఉంటుందని మా బావ చెప్తుంటాడు."

కాగితం మడిచి రంధ్రాల్లో కూరాను. ప్లే, రికార్డు బటన్లు రెండూ కలిపి నొక్కాను.

చాలా ఏళ్లు ఆ బావాబావమరుదులను తిట్టుకున్నాను. వాళ్లు చేసిన అన్యాయం ఏమీ లేదు. ఇది నాకు కావాలి, ఇంకో క్యాసెట్ తీసుకోండి అంటే ఆయన మరోసారి నవ్వి నాకు ఇచ్చేసేవాడే. ఆ నవ్వు పడే ధైర్యం లేకపోయింది నాకు.

ఆరోజు రికార్డింగ్ అయ్యాక బావమరిది టేపును వెనక్కి తిప్పి, వాల్యూమ్ పెంచి, స్పీకరుకు చెవి ఆనించి విన్నాడు.

"బాగా వచ్చిందయ్యా. కింద ఏమీ వినబడట్లేదు."

"వినబడదు సార్," అన్నాను.