లేని కొమ్మకు తల వంచే బాబాయి

మా బాబాయి లేని చెట్టుకు దారి ఇస్తాడు. లేని కొమ్మకు తల వంచుతాడు. ఇది తప్ప మనిషిలో వంక పెట్టడానికి ఇంకేమీ లేదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సైకిళ్ల రిపేరు షాపు ఆయనదే.

కొండ మీది సైకిల్ బాట కూడా కుర్రతనంలో ఆయన వేసిందే. చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ దిగేది. కిందటేడు వేసవిలో కార్చిచ్చు వచ్చి ఆ అడవిని ఊడ్చిపెట్టేసింది. మిగిలిన మోడులు ఎవరి నెత్తినైనా పడతాయని అటవీశాఖవాళ్లు మొదలంటా కోయించేశారు. వానలు వెలిసి బాట తెరిచేసరికి కొండకు గుండు కొట్టించినట్టుంది. సైకిల్ సంఘంవాళ్లం మేమంతా అడ్డదారిన తిన్నగా దిగేశాం. బాబాయి మాత్రం పాత మెలికలన్నీ తిరిగి, ఖాళీ గాలిలో తల వంచుకుంటూ అందరికంటే చివర వచ్చాడు.

"ఏంటి బాబాయ్, ఇంతసేపు?" అన్నాను.

"పెద్ద చెట్టు దగ్గర నెమ్మదిగా రావాలి కదరా."

"ఏ చెట్టు?"

"నువ్వు దాని మీద నుంచే వచ్చావు," అని, తాగడానికి నా నీళ్లు అడిగాడు. మా అందరిలోకీ పెద్ద సీసా ఆయనదే. ఎప్పుడు చూసినా ఖాళీయే.

పిన్ని కంగారుపడి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. బాబాయి అట్ట మీది ఆఖరి వరసదాకా గడగడా చదివేశాడట. లేనివి కూడా కనబడుతున్నాయంటే చూపు మరీ బాగున్నట్టేనని పిన్ని ఇంటికొచ్చి తేల్చేసింది.

తిన్నగా దిగినవాళ్లను బాబాయి ఒక్క మాట అనేవాడు కాదు. వాళ్ల సైకిల్ షాపుకొచ్చినప్పుడు మాత్రం, "చెట్టును గుద్దావు కదా, లోపల ఏం దెబ్బ తిందో చూడాలి," అని వారం రోజులు ఉంచేసుకునేవాడు. బ్రేకు వైరు మార్చడానికి కూడా వారమే. ఆ బాధ పడలేక మేమంతా లేని చెట్ల చుట్టూ బుద్ధిగా తిరగడం మొదలుపెట్టాం.

ఒక్క పళ్ల డాక్టరుగారు లొంగలేదు. ఆయన మా సైకిల్ సంఘానికి అధ్యక్షుడు. చెట్లే లేనప్పుడు మెలికలెందుకు, యంత్రం తెప్పించి బాటను తిన్నగా చదును చేయిస్తే పోటీలు పెట్టుకోవచ్చని ఆయన వాదన. సంఘంలో అందరూ సరేనన్నారు. యంత్రం మాట్లాడారు కూడా. ఆ కబురు విన్న రోజు బాబాయి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు డాక్టరుగారిని, మమ్మల్ని కొండ మీదికి రమ్మన్నాడు.

"చెట్లు అడ్డం ఉన్నాయండీ," అన్నాడు.

"ఎక్కడున్నాయో చూపించండి మరి," అన్నారు డాక్టరుగారు, చాలా ఓపిగ్గా.

బాబాయి సైకిల్ దిగి, నేలమట్టంగా ఉన్న ఒక మొదలు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తను తెచ్చి కప్పిన ఎండుటాకులు పక్కకు తీశాడు. నల్లటి బెరడులోంచి బెత్తెడు చిగుళ్లు. పక్క మొదలు దగ్గరా అంతే. మేం తిరుగుతున్న ప్రతి మెలికలోనూ అంతే. నెలరోజులుగా వాన లేదు, అయినా చిగుళ్ల చుట్టూ మట్టి తడిగా ఉంది. నేను బాబాయి ఖాళీ సీసా వంక చూశాను.

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్. ఒక బోర్డు పెడితే పోయేది."

"పెట్టాన్రా. అదేంటో చదువుదామని వచ్చినవాళ్లే చిగుళ్లను తొక్కేశారు. అదే పిచ్చోడి గోల అనుకుంటే పక్కనుంచి పోతారు."

ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది. పైకి అంటే నా సైకిల్ ఇంకో వారం ఉంచేసుకుంటాడని ఊరుకున్నాను. డాక్టరుగారు కాసేపు ఆ చిగుళ్లను పంటిని పరీక్షించినట్టు పరీక్షించి, ఫోన్ తీసి యంత్రం వద్దని చెప్పేశారు.

ఇప్పుడా మొక్కలు మోకాలిదాకా వచ్చాయి. బాబాయి ఇంకా తల వంచుతూనే ఉన్నాడు. మోకాలెత్తు మొక్కకు తల ఎందుకని అడిగితే, ఇప్పుడు అలవాటు తప్పితే అది పెరిగాక నుదురు పగులుతుందన్నాడు.

నిన్న దిగుతుంటే నా ముందు డాక్టరుగారు ఖాళీ గాలిలో తల వంచారు. వెనకే నేనూ వంచాను. కిందికి చేరాక తాగుదామంటే ఎవరి సీసాలోనూ చుక్క నీళ్లు లేవు.